బొంగుకర్రతో 12 అడుగులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

1908 లండన్ ఒలింపిక్స్ పోల్‌వాల్ట్‌లో (పొడవాటి కర్ర ఊతంతో లేచి ఎత్తున పెట్టిన అడ్డకడ్డీని, అంటే బార్‌ను దాటే ఆట) ఇద్దరికి స్వర్ణం దక్కిందని గత సంచికలో రెండే రెండు వాక్యాలు రాశాం. దాని మీద ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. ఒకే సంగతి అడిగినవాళ్లను ఒకచోట కలిపాం.

ప్రశ్న: కుక్, గిల్బర్ట్ ఇద్దరికీ స్వర్ణమే ఎట్టా ఇచ్చారు? మళ్లీ దూకించి తేల్చలేదా? అసలు ఈ గిల్బర్ట్ ఎవరు, ఆయన ఆట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది? – డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: తేల్చే వీలు చిక్కలేదు. 1908 జూలై 24న వైట్ సిటీ స్టేడియంలో ఒక పక్క పోల్‌వాల్ట్ నడుస్తుంటే ఇంకోపక్క మారథాన్ ముగింపు వచ్చిపడింది. ముందుగా లోపలికొచ్చిన ఇటలీ పరుగువీరుడు డొరాండో పియెత్రి ట్రాక్ మీద పదేపదే కూలిపోయాడు. అధికారులు పట్టుకుని గీత దాటించారు. అమెరికావాళ్లు అభ్యంతరం చెప్పడంతో ఆయన్ని తప్పించి జానీ హేస్‌ను విజేతగా ప్రకటించారు. ఆ గలభాలో పోల్‌వాల్ట్ మధ్యలో నిలిచిపోయింది. ఎడ్వర్డ్ కుక్, ఆల్ఫ్రెడ్ గిల్బర్ట్ ఇద్దరూ అప్పటికి 12 అడుగుల 2 అంగుళాలు, అంటే 3.71 మీటర్లు దాటారు. టై విడగొట్టే దూకుడు పెట్టకుండా ఇద్దరికీ స్వర్ణం ఇచ్చేశారు. 3.58 మీటర్లు దాటిన ముగ్గురికి కాంస్యం దక్కింది: కెనడా నుంచి ఆర్చిబాల్డ్, అమెరికా నుంచి జేకబ్స్, స్వీడన్ నుంచి సోడర్‌స్ట్రోమ్.

ఇప్పుడైతే లెక్క వేరు. సమానంగా నిలిస్తే ముందు ఆఖరుగా దాటిన ఎత్తు దగ్గర ఎవరు తక్కువసార్లు తప్పారో చూస్తారు. అక్కడా సమానమైతే ఆ ఎత్తు వరకూ మొత్తం తప్పులు లెక్కిస్తారు. అదీ సమానమైతేనే మొదటి స్థానం కోసం మళ్లీ దూకిస్తారు, అది కూడా ఆటగాళ్లు ఒప్పుకుంటేనే. టోక్యో ఒలింపిక్స్ హైజంప్‌లో బర్షిమ్, తంబేరి వద్దనుకుని స్వర్ణం పంచుకున్నది ఈ నియమం కిందే.

గిల్బర్ట్ 1884లో అమెరికాలో ఆరెగాన్ రాష్ట్రంలోని సేలంలో పుట్టాడు. పసిఫిక్ యూనివర్సిటీలో చదివి, తర్వాత వైద్యం చదవడానికి యేల్ విశ్వవిద్యాలయంలో చేరాడు. ఇంద్రజాల ప్రదర్శనలిచ్చి చదువు ఖర్చు సంపాదించుకున్నాడు. కడ్డీకి వేలాడి గడ్డం పైకి వచ్చేలా వరసగా 39 సార్లు లేచిన రికార్డు కుర్రతనంలోనే ఆయన పేరిట ఉంది. పోల్‌వాల్టర్‌కి దీనికన్నా పనికొచ్చే కసరత్తు లేదు కాబట్టి ఆ సంఖ్యను వట్టి వింతగా తీసిపారేయకండి. 1906లో న్యూయార్క్ సెల్టిక్ పార్క్‌లో 12 అడుగుల 3 అంగుళాలు దాటాడు. మరి రెండేళ్లకు లండన్. 1909లో యేల్ నుంచి వైద్య పట్టా చేతికొచ్చింది గానీ వైద్యం చెయ్యలేదు, వ్యాపారంలోకి దిగాడు. పోటీల్లో ఆయన పెద్ద రోజులన్నీ ఆ రెండు మూడేళ్లలోనే ఉన్నాయి.

ఆయన పేరు నిలబడింది పతకం కన్నా గుంట వల్ల. అంతకుముందు కర్ర కింది కొసకు ఇనుప ముల్లు ఉండేది. పరిగెత్తుకొచ్చి దాన్ని నేలలో గుచ్చి లేచేవాళ్లు. నేల గట్టిదైతే ముల్లు దిగదు, జారుతుంది. మెత్తనిదైతే జానెడు లోపలికి పోయి కర్ర అక్కడే ఇరుక్కుంటుంది. రెంటిలో ఏది జరిగినా ముందుగా కొలిచి పెట్టుకున్న అడుగు తప్పుతుంది. కర్ర కొస ప్రతిసారీ ఒకేచోట ఆగేలా నేలలో గుంట తీసి, వెనక పలక అడ్డం పెట్టే పద్ధతిని గిల్బర్ట్ పేరుతో చెబుతారు. నేటి పోల్‌వాల్ట్ బాక్స్‌కి అదే మూలం. లండన్‌లో ఆ గుంట తియ్యనివ్వలేదన్నది అమెరికా జట్టు ఫిర్యాదుల్లో ఒకటి. 3.71ని ఈ సంగతితో కలిపి చదవాలి. అదే ఏడాది అమెరికాలో వాల్టర్ డ్రే 12 అడుగుల 9½ అంగుళాలు దాటాడు. ఆయన లండన్ పోటీకి రానేలేదు.

ప్రశ్న: బొమ్మల కంపెనీ గిల్బర్టూ ఈయనేనా? – పాఠకుడు, నెల్లూరు మూలాపేట

జవాబు: ఈయనే. 1909లో ఇంద్రజాల సామగ్రి తయారుచేసే మిస్టో కంపెనీ పెట్టాడు. రైలుమార్గం విద్యుదీకరణ కోసం నిలబెడుతున్న ఇనుప గర్డర్లు చూసి, పిల్లలు బోల్టులు బిగించి వంతెనలు, క్రేన్లు కట్టుకునే ఎరెక్టర్ సెట్‌ను 1913లో బజారుకు తెచ్చాడు. 1961లో చనిపోయాడు.

ప్రశ్న: ఇప్పటి కర్ర విల్లులా వంగి మనిషిని పైకి విసురుతుంది. అప్పటిది వంగదంటున్నారు. వంగని కర్రతో అంత ఎత్తు ఎట్టా? దూకే పద్ధతి వరసగా చెప్పండి. – వ్యాయామ ఉపాధ్యాయుడు, గూడూరు. ఇదే సంగతి దర్శి, సింగరాయకొండ పాఠకులూ అడిగారు.

జవాబు: బకింగ్‌హామ్ కాలువ మీద పడవ నడిపినవాళ్లు గెడను అడుగున ఆనించి, దాని చుట్టూ తమ బరువును ముందుకు తోసేవాళ్లు. వంగని కర్రతో దూకడం ఆ పనికే అన్నయ్య. కర్ర తలుపులాగా కింది కొస మీద తిరుగుతూ నిలువుగా లేస్తుంది. అది నిలువు దాటి అవతలికి ఒరిగితేనే మనిషి బార్ దాటుతాడు. ఇవతలే ఆగితే వచ్చిన దారినే వెనక్కి పడతాడు. అందుకే పాతకాలపు వాల్టర్‌కు మొదటి ప్రశ్న ‘ఎంత ఎత్తు దూకుతావు’ కాదు, ‘ఎక్కడ పట్టుకుంటావు’ అన్నది. పట్టు పెంచితే అందే ఎత్తు పెరుగుతుంది, కానీ కర్రను నిలువుకు తేవడానికి కావలసిన వేగం కూడా పెరుగుతుంది.

ఒక చిన్న లెక్క. సెకనుకు 8 మీటర్ల వేగంతో వచ్చేవాడి పరుగు మొత్తం ఎత్తుగా మారితే అతని శరీరపు మధ్యబిందువు 3.27 మీటర్లు లేస్తుంది (వేగం వర్గాన్ని 19.6తో భాగించాలి). నిలబడ్డప్పుడే అది మీటరు ఎత్తులో ఉంటుంది కాబట్టి లెక్కలో 4.27 వస్తుంది. కానీ గట్టికర్ర గుంటలో తగిలిన క్షణాన భుజాలకు వచ్చే కుదుపులో కొంత వేగం పోతుంది. చేతులతో లాగి, తోసి కొంత తిరిగి రాబట్టుకోవాలి. 1908 నాటి ఎత్తులు ఈ హద్దు లోపలే ఉన్నాయని చూడగానే తెలుస్తుంది. ఫైబర్‌గ్లాస్ కర్ర వంగి ఆ కుదుపును మింగేస్తుంది, దాచుకున్న శక్తిని ఆలస్యంగా తిరిగిస్తుంది. దాంతో పట్టు బాగా పైకి జరిపే వీలు వచ్చింది. పరుగులోనూ నేటి మేటి మగవాళ్లు సెకనుకు సుమారు తొమ్మిదిన్నర మీటర్లు అందుకుంటారు.

ఇక పద్ధతి. కుడిచేయి పైన పట్టేవాళ్లకు చెబుతున్నాం, ఎడమచేతివాళ్లు తిప్పి చదువుకోండి.

కర్రను కుడి తుంటి పక్కన పెట్టుకుని, రెండు చేతుల మధ్య 60 నుంచి 90 సెంటీమీటర్ల ఎడం ఉంచి పరిగెత్తాలి. కొస కళ్లకన్నా కాస్త పైన ఉండాలి. కొస కిందికి దిగితే బరువు ముందుకు లాగి అడుగులు కుంచించుకుపోతాయి. చివరి మూడు అడుగుల్లో కుడిచేయి తుంటి నుంచి చెవి పక్కగా తల మీదికి రావాలి. అదే సమయంలో ఎడమచేయి కర్ర వెంట జారుతూ పైకి వెళ్లి కుడిచేతిని తాకాలి. ఈ జరపడమే పాత పద్ధతికి ప్రాణం. చేతులు ఎడంగా ఉంటే కింది చెయ్యి గడియ వేసినట్టు అడ్డుపడుతుంది, ఒళ్లు ఊగదు. వంగే కర్రకు ఆ ఎడం అవసరం. అందుకే ఇప్పటి శిక్షణ పుస్తకం చదివి బొంగుతో దూకబోయేవాళ్లు మొదటిరోజే బోల్తాపడతారు.

నేల విడిచేది ఎడమకాలితో. ఆ సమయానికి ఎడమకాలి మునివేళ్లు పైచేతికి నిట్టనిలువుగా కింద ఉండాలి. అడుగు ముందుకు పడితే, అంటే కాలు చేతికన్నా గుంట వైపు జరిగితే, కర్ర భుజాన్ని వెనక్కి గుంజుతుంది. నడుము విల్లులా వంగి నొప్పి పట్టేది ఈ తప్పుతోనే. వెనకపడితే పరుగు చల్లారి కర్ర నిలువుకు రాదు. నేల విడిచాక వెంటనే చేతులతో లాగకూడదు. వేలాడుతూ కాళ్లను ముందుకు, పైకి ఊపాలి. త్వరపడి లాగితే బరువు కర్ర పైభాగానికి చేరి అది నిలువుకు రాకముందే ఆగిపోతుంది. నేర్చుకునేవాళ్లలో పదికి తొమ్మిది వైఫల్యాలు దీనివల్లే. కర్ర నిలువుకు దగ్గరపడ్డాక లాగాలి. తుంటి చేతుల ఎత్తు దాటగానే ఒళ్లు ఎడమవైపు తిప్పి కడుపు బార్ వైపు వచ్చేలా చూడాలి. అప్పుడు కిందికి తోయాలి. కాళ్లు అవతలికి దిగుతుండగా ముందు ఎడమచేయి, తర్వాత కుడిచేయి వదులుతూ వేళ్లతో కర్రను వెనక్కి నెట్టాలి. కర్ర వచ్చి బార్‌ను పడగొడితే ఆ దూకుడు పోయినట్టే.

దిగేది ఇసుకలో, కాళ్ల మీద. వీపు మీద పడడమన్నది ఫోమ్ పరుపులు వచ్చాక పుట్టిన సుఖం.

సింగరాయకొండ పాఠకుడు కర్ర మీద పాకడం గురించి కూడా అడిగారు. నిజమే. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో అల్వర్‌స్టన్ ప్రాంతంవాళ్లు కర్ర నిలువుగా ఉన్న ఆ క్షణంలో చేతి మీద చేయి వేసి పైకి పాకేవాళ్లు. నేల విడిచాక పైచేయి కదపకూడదు, కింది చేతిని దాని పైకి తేకూడదు అన్న నియమం ఆ విద్యను ముగించింది. ఇప్పటికీ ఆ నియమం ఉంది.

ప్రశ్న: ఒకే దూకుడుకు ఒకచోట 3.66, ఒకచోట 3.73 అని వేస్తున్నారు. ఏది నమ్మాలి? 1896 నుంచి విజేతల ఎత్తులు కూడా ఇస్తే పిల్లల క్విజ్‌కి పనికొస్తాయి. – విశ్రాంత ఉపాధ్యాయిని, ఒంగోలు

జవాబు: అమ్మా, అడుగులూ అంగుళాలే నమ్మండి, మీటర్లు మీరే కట్టుకోండి. అప్పట్లో అమెరికా, బ్రిటన్‌లలో కొలిచింది అంగుళాల్లోనే. మొత్తం అంగుళాలు చేసి 2.54తో గుణించాలి. 12 అడుగుల 3 అంగుళాలంటే 147 అంగుళాలు, 373.38 సెంటీమీటర్లు, అంటే 3.73 మీటర్లు. 3.66 అన్నది వట్టి 12 అడుగులకు వచ్చే లెక్క. గిల్బర్ట్ 1906 దూకుడుకు 3.66 అని అచ్చయినచోట ఎవరో పై 3 అంగుళాలు మింగేశారు. పావు అంగుళం కూడా వదలకూడదు, ఎందుకంటే అది 6 మిల్లీమీటర్లు.

ఒలింపిక్స్ వరస ఇదీ: 1896 ఏథెన్స్‌లో హాయిట్ 3.30, 1900 పారిస్‌లో బాక్స్‌టర్ 3.30, 1904 సెయింట్ లూయిస్‌లో డ్వోరాక్ 3.50, 1908లో కుక్, గిల్బర్ట్ 3.71, 1912 స్టాక్‌హోమ్‌లో బాబ్‌కాక్ 3.95, 1920 ఆంట్వెర్ప్‌లో ఫ్రాంక్ ఫాస్ 4.09. అందరూ అమెరికావాళ్లే. 1906 ఏథెన్స్ మధ్యంతర క్రీడల్లో మాత్రం ఫ్రాన్స్‌కు చెందిన ఫెర్నాండ్ గోండర్ 3.50తో గెలిచాడు. దాన్ని అధికారిక ఒలింపిక్స్‌లో కలపరు కాబట్టి క్విజ్‌లో అడిగితే ఆ మాట చెప్పి అడగండి, లేకపోతే తగువులొస్తాయి.

ఈ వరసలో పాపం అనిపించేవాడు చార్లెస్ డ్వోరాక్. 1900లో పారిస్ వెళ్లాడు. పోటీ ఆదివారం పడింది. ఆ రోజు జరపరని చెప్పగా విని మైదానం విడిచి వెళ్లాడు. తర్వాత పోటీ జరిపేశారు. అక్కడే ఉన్న బాక్స్‌టర్ గెలిచాడు. డ్వోరాక్ నాలుగేళ్లు ఆగి సెయింట్ లూయిస్‌లో తన స్వర్ణం తెచ్చుకున్నాడు.

రికార్డుల్లో పిల్లలకు చెప్పదగ్గ మెట్లు రెండు. 13 అడుగులు మొదట దాటింది రాబర్ట్ గార్డ్‌నర్, 1912లో. ఎత్తు 13 అడుగుల 1 అంగుళం, 3.99 మీటర్లు. ఈయన గోల్ఫ్‌లోనూ అమెరికా అమెచ్యూర్ ఛాంపియన్. అదే జూన్ నెలలో కొద్ది రోజుల తేడాతో మార్క్ రైట్ 4.02 దాటి నాలుగు మీటర్ల గీతను చెరిపాడు. అంతర్జాతీయ అథ్లెటిక్స్ సమాఖ్య గుర్తించిన మొదటి ప్రపంచ రికార్డు అదే. ఫాస్ 1920లో కొట్టేదాకా 8 ఏళ్లు నిలిచింది. తమాషా ఏమంటే ఆ రైట్‌కు స్టాక్‌హోమ్‌లో స్వర్ణం రాలేదు, 3.85తో రజతం పంచుకున్నాడు.

ప్రశ్న: మా నల్లమల వెదురుతో అలాంటి పాతకాలపు కర్ర చేయించవచ్చా? లేక తీరప్రాంతపు సరుగుడు వాసం నయమా? – పాఠకుడు, గిద్దలూరు

జవాబు: సరుగుడు వద్దు. నిటారుగా, నున్నగా కనబడి ఆశపెడుతుంది గానీ బరువు చంపుతుంది. 4.2 మీటర్ల పొడవు, 4.5 సెంటీమీటర్ల మందం అనుకుని లెక్కకట్టండి. బాగా ఎండిన సరుగుడు సుమారు 6 కిలోలు తూగుతుంది. 1900కు ముందు వాడిన యాష్ కలప అదే కొలతకు నాలుగున్నర కిలోలు. అర సెంటీమీటరు పైచిలుకు గోడ ఉన్న బోలు వెదురు రెండు కిలోల పైన కొంచెం. యాష్, హికరీ కర్రలు పోయి వెదురు రావడానికి కారణం ఈ తేడాయే. కర్ర బరువు సగమైతే పరుగు పెరుగుతుంది, పరుగు పెరిగితే పట్టు పైకి జరుగుతుంది. పైగా వెదురు ఒకపాటి వంగుతుంది, భుజానికి కుదుపు తగ్గుతుంది.

నల్లమలలో ఎక్కువగా దొరికే సాధనపు వెదురు గట్టిది, మొదలు దగ్గర దాదాపు బోలు ఉండదు. లాఠీలకు, నిచ్చెనలకు మంచిది. కానీ పోల్‌వాల్ట్‌కు మళ్లీ నాలుగు కిలోల పైన తూగే గుండుకర్రే అవుతుంది. మీకు కావలసింది బోలు ఎక్కువగా ఉన్న, గణుపుల మధ్య దూరం సమంగా ఉన్న, మొదలుకూ కొసకూ మందంలో తేడా తక్కువున్న బొంగు. అమెరికావాళ్లు అందుకే జపాన్ నుంచి తెప్పించుకునేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ సరుకు ఆగిపోయింది. లోహపు కర్రల వైపు చూపు మళ్లడానికి అదీ ఒక కారణం.

చేసే తీరు చెబుతాం. మూడేళ్ల ముదురు బొంగు తీసుకోండి. లేతదైతే ఎండాక ముడతలుపడి పగులుతుంది. చలికాలంలో కొట్టించండి, అప్పుడు గంజి పదార్థం తక్కువ ఉండి పుచ్చు తక్కువ పడుతుంది. రెండు మూడు వారాలు పారే నీటిలోనో చెరువులోనో నానేస్తే పురుగు ఇంకా తగ్గుతుంది. ఆ తర్వాత నీడలో, కింద నాలుగుచోట్ల ఆనించి పడుకోబెట్టి ఆరబెట్టండి. గోడకు చేరగిలబెడితే వంకర తిరుగుతుంది. మార్కాపురం ఎండలో పెడితే పై పొర ముందు ఎండి, లోపొర తడిగా ఉండి నిలువునా చీలుతుంది. రెండు నెలలైనా ఓపిక పట్టండి.

గణుపుల బొడిపెలను ఆకురాయితో నునుపు చెయ్యండి, చెక్కవద్దు. గణుపు కోస్తే బలం పోతుంది. గణుపుకూ గణుపుకూ మధ్య బట్టటేపు బిగించి చుట్టండి. ఇది అందానికి కాదు. వెదురు విరిగేటప్పుడు అడ్డంగా విరగదు, నిలువునా పేలి ఈటెల్లా చీలుతుంది. టేపు ఆ పేళ్లను పట్టి ఉంచుతుంది. కింది కొసలో, బోలుకు సరిగ్గా సరిపడే తుమ్మ బిరడా జానెడు లోపలికి దిగగొట్టి, పైన కమ్మరి దగ్గర పొన్ను వేయించండి. పొన్ను వదులైతే నాలుగు దూకుళ్లకే కొస చిట్లుతుంది.

దూకబోయే ముందు రోజూ రెండు పరీక్షలు. వేలికణుపుతో కర్ర పొడవునా తట్టండి. కంగున మోగాలి, ఒకచోట డొల్లగా ‘బొద్’మంటే లోపల చీలిక ఉంది. తర్వాత తెల్లకాగితం మీద కొసను తట్టండి. పిండిలాంటి పొడి రాలితే పుచ్చు పట్టింది, ఆ కర్ర పందిట్లోకి పంపండి.

ఇంత చెప్పాక మా అభిప్రాయం కూడా వినండి. ఇంట్లో చేసిన బొంగు ప్రదర్శనకు, ఇసుక గుంటలో పొడవు దూకే అభ్యాసానికి మాత్రమే. పట్టు, నిలబడి చెయ్యెత్తితే అందే ఎత్తుకన్నా మూరెడు మించకూడదు. 3 మీటర్ల బార్ పెట్టి పిల్లల్ని దూకించడానికి ఏ వెదురుకూ మేము పూచీపడం.

ప్రశ్న: అప్పట్లో ఆడపిల్లల్ని దూకనిచ్చేవాళ్లా? – పదో తరగతి విద్యార్థిని, గూడూరు

జవాబు: ఒలింపిక్స్‌లో లేదమ్మా. మగవాళ్లకు 1896లో మొదలైన ఆట ఆడవాళ్లకు 2000లో సిడ్నీలో వచ్చింది. మొదటి విజేత అమెరికాకు చెందిన స్టేసీ డ్రాగిలా, 4.60 మీటర్లు. ఫాస్ 1920 నాటి ప్రపంచ రికార్డు కన్నా అర మీటరు ఎక్కువ. కర్రలు వేరన్నది మాత్రం మరిచిపోకు.

ప్రశ్న: మా హైస్కూలు మైదానం నల్లరేగడి. పిల్లలకు పోల్‌వాల్ట్ మొదలుపెట్టించాలని ఉంది. గుంట, ఇసుక, పరుగుదారి కొలతలు, ఖర్చు తగ్గించే మార్గాలు చెప్పగలరు. – వ్యాయామ ఉపాధ్యాయుడు, పొదిలి

జవాబు: మేష్టారూ, ముందు ఒక మాట. ఇసుక గుంట ఉంటే పొట్టి గట్టికర్ర, తక్కువ పట్టు. వంగే ఫైబర్ కర్ర పట్టిస్తే ఫోమ్ పరుపు ఉండి తీరాలి. ఇసుక మీద ఫైబర్ కర్రతో దూకించడం ప్రాణాలతో చెలగాటం. మనిషి ఎటు విసిరేయబడతాడో మొదట్లో చెప్పలేం, వీపు మీదే పడతాడు. పెద్ద అంతర్జాతీయ పోటీలకు పరుపు కనీసం 6 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 80 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి, బాక్స్‌కి రెండు పక్కలా ముందుకు వచ్చే ముక్కలు వేరే. అది పాఠశాల నిధులతో అయ్యే పని కాదు. కాబట్టి 1908 పద్ధతిలో మొదలుపెట్టండి.

బాక్స్ మాత్రం ఇప్పటి కొలతకే చేయించండి, తర్వాత మార్చే పని ఉండదు. లోపలి పొడవు 1 మీటరు, ముందు వెడల్పు 60 సెంటీమీటర్లు. వెనక ఆపుడు పలక దగ్గర అడుగున వెడల్పు 15 సెంటీమీటర్లకు సన్నబడుతుంది. ముందు అంచు నేలకు సమంగా ఉండి, అక్కడి నుంచి వాలుగా దిగుతూ పలక దగ్గర 20 సెంటీమీటర్ల లోతు చేరాలి. పలక నిలువుగా కాదు, అడుగుతో 105 డిగ్రీల కోణంలో వెనక్కి వాలి ఉండాలి. నిలువుగా పెడితే కర్ర పైకి లేస్తున్నప్పుడు పలక పైఅంచుకు తగులుతుంది. పక్క గోడలు బయటికి 120 డిగ్రీలు. వెల్డింగ్ షాపులో ఇనుప రేకుతో చేయించవచ్చు. అంచులు నునుపుగా రుద్దించండి. అడుగున రెండు బెజ్జాలు పెట్టించి కింద కంకర పరిస్తే వాననీరు దిగుతుంది, లేకపోతే రెండు వర్షాలకే తుప్పు.

నల్లరేగడి మీద ఈ బాక్స్‌ను ఊరికే పాతితే వేసవిలో పగుళ్లకు ఒరుగుతుంది, వానకు ఉబ్బి లేస్తుంది. చుట్టూ అడుగున్నర మేర రేగడి తీసేసి గ్రావెల్ కొట్టి, కాంక్రీటులో కూర్చోబెట్టండి. పరుగుదారికి కూడా ఇదే మందు. వెడల్పు 1.22 మీటర్లు, పొడవు 40 మీటర్లు, అరడుగు రేగడి తీసి ఎర్ర గ్రావెల్ పోసి తడిపి రోలర్ వేయించండి. మొదలుపెట్టేవాళ్లు 12 నుంచి 15 మీటర్లే పరిగెత్తుతారు కాబట్టి డబ్బు చాలకపోతే బాక్స్ వైపు 20 మీటర్లు ముందు చేయించండి.

ఇసుక గుంట 5 మీటర్లు చదరం, అర మీటరు లోతు. అంటే 12.5 ఘనమీటర్లు, మన లెక్కలో నాలుగున్నర యూనిట్లు. గుండ్లకమ్మ ఇసుకైనా, మన్నేరు ఇసుకైనా జల్లెడ పట్టకుండా పొయ్యకండి, గులకరాయి చీలమండకు శత్రువు. మట్టి కలిసిన ఇసుక వానకు గట్టిపడి బండ అవుతుంది. పిల్లల్ని దింపే ముందు రోజూ పారతో అడుగు లోతు తిరగెయ్యాలి. పాత రోజుల్లో రంపపుపొట్టు కూడా వాడేవాళ్లు. మెత్తగానే ఉంటుంది గానీ తడిస్తే కుళ్లుతుంది. మిల్లు ఊక ఉచితంగా వస్తుందని పొయ్యకండి, గాలికి కళ్లలో పడుతుంది. ఇసుకమట్టం నేలకన్నా జానెడు ఎత్తుగా గుట్టపోస్తే దిగేటప్పుడు పడే దూరం ఆ మేరకు తగ్గుతుంది.

బార్ 4.5 మీటర్ల పొడవు, బరువు 2.25 కిలోలు మించకూడదు. మొదటి మూడు నెలలు అసలు బార్ వద్దు, రబ్బరు తాడు కట్టండి. ఎత్తు కొలిచేటప్పుడు టేపు బాక్స్ అంచు మట్టం నుంచి పట్టండి, ఇసుక మీద నుంచి కాదు. బార్‌ను నిలబెట్టే స్టాండులు బాక్స్ పలక గీత నుంచి ఇసుక వైపు 80 సెంటీమీటర్ల దాకా జరుపుకోవచ్చు. కర్ర నిలువుకు చేరక బార్ మీద కూర్చుంటున్న పిల్లాడికి స్టాండు జరిపి ప్రయోజనం లేదు, పట్టు బెత్తెడు కిందికి దింపండి. దాటి వస్తూ ఛాతీతో తగులుతున్నవాడికి స్టాండు జరపండి.

పరుగుదారి దిశ గురించి మీరు అడగలేదు గానీ అది ముందే తేల్చుకోవాలి. ఎదురుగాలిలో పొడవాటి కర్ర కొస తెరచాపలా పట్టేస్తుంది. పక్కగాలి ఇంకా చెడ్డది, కొస బాక్స్‌ను తప్పి పక్కన పడుతుంది. మధ్యాహ్నం తర్వాత తూర్పు నుంచి సముద్రపు గాలి లోపలికి కొడుతుంది కాబట్టి తీరం దగ్గరి బడులవాళ్లు పరుగును తూర్పు నుంచి పడమరకు పెట్టుకుంటే సాయంత్రం అభ్యాసానికి గాలి వెనకనుంచి సాయం చేస్తుంది. అస్తమించే సూర్యుడు కళ్లల్లో పడడమొక్కటే దానికి లోపం. పొదిలి దాకా ఆ గాలి అంత బలంగా రాదు. మీరు ఉత్తరం, దక్షిణంగా వేసుకుని పొద్దున్నే ఏడింటిలోపు దూకించండి.